హాస్టలు గుమ్మం మీద అమ్మ పేరు

ఏ పలక? హాస్టలు గుమ్మం మీద కొత్తగా పెట్టారే, అదా? కూర్చో అమ్మాయ్, నిలబడి వినే ముచ్చట కాదది. టీ పోసుకో. ఇదివరకు ఉత్త 'నలోంగో హాస్టల్' అనే ఉండేది. ఆ నలోంగో మా అమ్మే. నీకు తెలియందేముంది, కవలల్ని కన్న ప్రతి తల్లీ మనకి నలోంగోయే. కవలలు పుట్టారా, ఇక ఆవిడ సొంత పేరు అటకెక్కినట్టే, మొగుడు కూడా పలకడు. వాళ్ల వెనక పుట్టాను గనక నేను కిజ్జాని. అక్కలిద్దరూ ఎప్పుడో పోయారులే. ఆఁ, ఏం చెప్తున్నా? అమ్మ. ముప్ఫయ్యేళ్లు ఈ హాస్టలు వంటింట్లో అరటికాయలు ఆకుల్లో చుట్టి ఉడికించింది. చెయ్యి మంచిదే, నోరే, అబ్బో! వార్డెనునే 'తిన్న కంచం మీ తాత కడుగుతాడా?' అనేది. మిలటరీ రోజుల్లో ఓసారి సిపాయిలు ఆడపిల్లల కోసం హాస్టల్లో జొరబడ్డారు. ఏడుగురు పిల్లలు వంటింట్లోకి పరిగెత్తుకొచ్చారు. అమ్మ తలో కత్తీ ఇచ్చి కాయలు చెక్కడానికి కూర్చోబెట్టేసింది. 'ఎవరే వీళ్లు?' అన్నాడొకడు తుపాకి ఊపుతూ. 'నా చెల్లెలి కూతుళ్లు. మీ దొరకి పంపే వంట ఆలస్యమైతే జవాబు నువ్వు చెప్తావా?' అంది. వాళ్లు పోయారు. ఆ పిల్లలే తర్వాత పట్టుబట్టి హాస్టలుకి ఆ పేరు పెట్టించారు.

మరి మొన్న యూనివర్సిటీకొచ్చిన కొత్త రిజిస్ట్రారు ఏమన్నాడో తెలుసా? 'ఊరినిండా నలోంగోలే. ఈవిడెవరో ఫైల్లో లేదు. రెండు వారాల్లో రుజువు చూపించండి, లేదంటే డబ్బిస్తానన్న సిమెంటు కంపెనీ ఆయన పేరు పెడతాం. ఇంతకీ మీ అమ్మ పేరేంటి పెద్దాయనా?' డెబ్బయ్యేళ్లు దాటినవాణ్ణి, కన్నతల్లి పేరు తెలీదు! సిగ్గుతో చచ్చిపోయాననుకో. సమాధి మీద చూస్తే అక్కడా నలోంగోయే. చర్చి పుస్తకాన్ని చెదలు తినేసింది. ఆ రెండు వారాలూ కంటిమీద కునుకుంటే ఒట్టు.

చివరి రోజున సంగతి విని రిజిస్ట్రారు ఆఫీసులో దిగింది ఆ ఏడుగురిలో ఒకావిడ, నమాటోవు అని, జడ్జీగా చేసి రిటైరైంది. రిజిస్ట్రారు కుర్చీ వేస్తే వద్దంది. కర్ర పక్కన పెట్టి, బడిపిల్లలా చేతులు కట్టుకుని గడగడా అప్పజెప్పింది. 'మేం యూనియా నబ్బోసా చెల్లెలి పిల్లలం. మా పెద్దమ్మ యూనియా నబ్బోసా.' సిపాయిలు ఒక్కొక్కర్నీ విడదీసి 'ఏ నలోంగో?' అని అడుగుతారని, వాళ్లు గడప తొక్కేలోపే అమ్మ వల్లె వేయించిందట! 'మర్చిపోతే చీరేస్తానంది అన్నా, ఎలా మర్చిపోతాను?' అని నవ్విందావిడ. నేను భోరుమన్నాను. గుండెల మీంచి బండ దిగిపోయింది.

అమ్మ పూర్తి పేరుతో పలక పెట్టాక అందరూ వెళ్లిపోయారు, నేనొక్కణ్ణే ఉండిపోయా. తల్లిని పేరుపెట్టి పిలవకూడదు, తెలుసు. అయినా ఒక్కసారి పైకే అన్నా, యూనియా నబ్బోసా, అని. అని, ఎక్కడ గరిటె తీసుకొస్తుందోనని వెనక్కి కూడా చూశా...

...నీ టీ చల్లారిపోయింది. ఇటివ్వు, వెచ్చబెడతా.