కుడి వైపు కుట్టిన సువార్త

సభకు అధ్యక్షత వహిస్తున్న పాస్టర్ జూడ్ గారికి, సంఘ కార్యదర్శి దైవాశీర్వాదం గారికి, నేపర్‌విల్ నుంచి, షామ్‌బర్గ్ నుంచి ఈ మంచులో కార్లు డ్రైవ్ చేసుకుంటూ అరోరా దాకా వచ్చిన అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు, ముందు వరసలో కూర్చుని 'తొందరగా ముగించు' అని నాకు సైగ చేస్తున్న నా భార్య జోసఫిన్‌కు వందనాలు. (నవ్వులు)

ఏడో తరగతితో బడి మానేసి, గుంటూరులో నలభై ఏళ్లు పుస్తకాలకు అట్టలు కట్టినవాణ్ణి. నా కూతురు నవోమి యూనివర్సిటీలో పర్మనెంట్ ప్రొఫెసర్ అయిందన్న కబురు విన్నప్పటి నుంచి నా కాళ్లు నేల మీద ఆనడం లేదు. కిరాణా కొట్టులో బిల్లు వేసే అమెరికా పిల్లకు కూడా తెలుగులోనే చెప్పేశాను, పాపం ఆ పిల్ల కూడా సంతోషించింది.

అయితే నా వెనకున్న బేనర్ మీద, నవోమి చెప్పే సబ్జెక్టు పేరు చూడండి. 'మధ్యయుగ' అని ఉంది, తర్వాత ఒక తెల్ల కాగితం, తర్వాత 'నాగరికత'. నిన్న దైవాశీర్వాదం గారు ఫోన్ చేసి, "అంకుల్, ఇస్లామిక్ అనే మాట కవర్ చేస్తున్నాం, కొంతమంది అన్‌కంఫర్టబుల్‌గా ఫీలవుతున్నారు" అన్నారు. నవోమి "వదిలేయ్ నాన్నా" అంది. వదలను.

దాని చదువు నా తప్పుతో మొదలైంది. మసీదు పెద్ద ఖాజావలి గారు పాత ఖురాన్ ఇస్తే, బైబిలుకు కుట్టినట్టే ఎడమ వైపు కుట్టేశాను. అరబ్బీ పుస్తకానికి వెన్ను కుడి వైపున ఉండాలని నాకేం తెలుసు? ఆయన తెరిస్తే చివరి పేజీ ముందొచ్చింది. ఆయన పగలబడి నవ్వి, "ఏం పాపయ్యా, దీన్ని కూడా బైబిల్ చేసేశావే!" అని, ఏడేళ్ల నవోమిని కొట్టు అరుగు మీద కూర్చోబెట్టి అలిఫ్, బే అంటూ అరబ్బీ అక్షరాలు దిద్దించారు. ఆ తర్వాత నవోమి చూడందే ఏ అరబ్బీ పుస్తకమూ నేను కుట్టలేదు.

ఖలీఫాలు ఏలిన ఆనాటి బాగ్దాదులో అంతా బాగుందని నా కూతురు తన పుస్తకాల్లో రాయలేదు. క్రైస్తవులు వేరే పన్ను కట్టారు, కొందరి ఏలుబడిలో గుర్తు తెలిసేలా వేరే బట్ట కట్టుకోవలసి వచ్చింది. అయినా ఖలీఫాకు జబ్బు చేస్తే నాడి చూసినవాళ్లలో క్రైస్తవ వైద్యులున్నారు, గ్రీకు గ్రంథాలను అరబ్బీలోకి తెచ్చినవాళ్లలో మనవాళ్లున్నారు, దర్బారులో మతం మీద ఎదురెదురుగా వాదించుకుని ఎవరి ప్రార్థనకు వాళ్లు వెళ్లిన రోజులున్నాయి. చేదూ తీపీ రెండూ రాసిన పిల్ల పనిలో సగం మాటకు కాగితం అంటిస్తారా?

దైవాశీర్వాదం బాబూ, ఇందాక నీ చేతిలో పెట్టిన పుస్తకం తెరువు. (విరామం) అటు కాదు నాయనా, ఇటు. (నవ్వులు) నేనూ అక్కడే తప్పాను. అది వెయ్యేళ్ల కిందట ఒక క్రైస్తవ సన్యాసి అరబ్బీలో రాసుకున్న సువార్త, నవోమి అచ్చు వేయించింది, ఆ ప్రతికి అట్ట నేను కట్టాను. మొదటి వరసలో దేవుడనే చోట ఏముందో చదువమ్మా, నవోమీ.

(ఆమె చదివింది: "అల్లా.")

విన్నారుగా. సిలువ ముందు మోకరించినవాడు రాసిన మాట అది. ఆయనకు లేని ఇబ్బంది మనకెందుకు?

నా బిడ్డను పిలిచి శాలువా కప్పిన మీ అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. ఇక ఒక్క పని మిగిలింది. అంటించిన కాగితాన్ని కింది అక్షరం చెడకుండా ఊడదీయడం నాకు బాగా వచ్చు. డెబ్బై ఎనిమిదేళ్లవాణ్ణి, ఎవరైనా వచ్చి ఈ కుర్చీ పట్టుకోండి.

సెలవు.