అక్కకి పడని మచ్చ

రేడియేషన్ గది బయట బెంచీ మీద, ఎడమవైపు బట్ట ఒంటికి తగలకుండా పట్టుకుని కూర్చుంది చెల్లెలు.

"ఇంతలా కమిలిపోవడం కొందరికి వంశంలోనే ఉంటుందట అక్కా. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా అయిందా అని డాక్టరమ్మ అడిగింది."

"ఏం చెప్పావు?"

"నీకూ రొమ్ముకి ఇదే కరెంటు పెట్టారు, మచ్చైనా పడలేదన్నాను."

"వెళ్లి మార్చి చెప్పు."

"ఏమని?"

అక్క పై గుండీలు విప్పింది. చంక దాకా చర్మం నల్లగా అట్టకట్టి ఉంది.

"కరెంటు పెట్టినా నీడలో కూర్చున్నట్టే ఉంటుందన్నావు?"

"లేకపోతే నువ్వు వచ్చేదానివా?"

"మందు సరిగ్గా రాసుకోవట్లేదని రోజూ తిట్టావు కదక్కా."

"తిట్టకపోతే నీకు అనుమానం వచ్చేది."

లోపలినుంచి పిలుపు వచ్చింది. చెల్లెలు తన మందు ట్యూబు అక్క ఒళ్లో పడేసి లేచింది.

"సరిగ్గా రాసుకో."