ఖాళీ పడవకి బిగించిన పంకా

గంగాచలం అని మా రేవులో ఒకడుండేవాడంట. ఉండేవాడేంటి, ఇప్పటికీ ఉన్నాడు, పొద్దున్నే చేపల తట్ట ఎత్తుకుని పోతా కనపడ్డాడు. సరే, వాడు షికారు పడవొకటి కొన్నాడనుకో, కార్తీకమాసం వనభోజనాల జనాన్ని ఏటి మధ్య లంకకి తిప్పడానికి. ఇంజను బానే ఉంది, అడుగున నీళ్ళలో తిరిగే పంకా విరిగిపోయింది. మెకానిక్కు మస్తాను దగ్గరికెళ్ళేడు. మస్తాను రెండు పంకాలు ముందు పెట్టి, "ఇదిగో బావా, దీని రెక్కలకి మెలిక ఎక్కువ. ఖాళీ పడవైతే ఎగరేసుకుపోద్ది, బరువేస్తే ఇంజను ఆయాసపడుద్ది. ఇదేమో మెలిక తక్కువ. నెమ్మదే, గానీ ఏటికి ఎదురు లాగుద్ది. పదిమందినెక్కించి ఎగువకి తోలి చూడు, అప్పుడు ఖాయం చేసుకో" అన్నాడంట. బంగారం లాంటి మాట. ఎవడింటాడు?

ఏమైందంటే, మా రేవులో ఓ ఆచారముంది. పడవకి కొత్త సామానేస్తే మొదటి తిప్పు యజమాని ఒక్కడే తిప్పాలి. గంగమ్మకి కొబ్బరికాయ కొట్టేదాకా రెండో మనిషి కాలు పెట్టకూడదు. వాడి పెళ్ళాం సూరమ్మ, "మావా, మస్తాను చెప్పేడు కదా, నన్నూ నాలుగు ఇసక బస్తాల్నీ ఏసుకుని చూడు" అందంట. "ఆడకాలు పెడితే అరిష్టం, నోరుముయ్యి" అన్నాడు. అలా చూత్తారేంట్రా నన్ను, అన్నది నేను కాదు, వాడు! మెలిక ఎక్కువదేసుకుని ఒక్కడే ఎక్కేడు. పడవ ఎగిరిందనుకో, ఒడ్డు మీద ఒకటే ఈలలు. అంతే, అదే బిగించేసేడు. రెండోదీ తిప్పి చూడమని మస్తాను మొత్తుకుంటే, "నీ ముసలి పంకా నువ్వే ఉంచుకో" అన్నాడంట.

కొబ్బరికాయ కొట్టేరు. ఆదివారం నాడు తొమ్మిదిమందెక్కేరు, సూరమ్మతో కలిపి, వంట గుండిగలతో సహా. లంక దిగువనుంది కదా, ఏరే మోసుకెళ్ళిపోయింది, ఇంజనుకి బరువెక్కడ తెలిసింది? తిన్నారు, పాడుకున్నారు. ఈలోగా ఎగువెక్కడో కురిసిన తుపాను వాన దిగిపోయింది, ఎర్రనీళ్ళు. ఇక ఇంటికి రావాలంటే ఎదురేరు. నడి ఏట్లో ఇంజను మూలుగుతా ఉంది, పొగ కక్కుతా ఉంది, పడవ మాత్రం వెనక్కి పోతా ఉంది. వెనకాలేమో పాత వంతెన స్తంభాలు. అమ్మో, అమ్మో అని గోల. గుండిగలు పారేసేరు, బియ్యం పారేసేరు, చాల్లేదు. సూరమ్మ లేచిందంట. "నాకు ఈతొచ్చు, ఈళ్ళకి రాదు. నువ్వు ఇంజను వదలకు మావా" అని దూకేసింది. తల్లీ, ఎంత గుండె! బరువు తగ్గో, నీటి ఉరవడి తగ్గో, తెలీదు, ఇంజను అందుకుంది, పడవ మెల్లగా ఒడ్డుకి పాకింది. మిగిలినోళ్ళంతా బతికేరు. వెనక్కి తిరిగి చూత్తే సూరమ్మ కనపడలేదు.

మూడో రోజు దిగువన దొరికింది. రోడ్డు నీళ్ళలో ఉంది, ఏటి మీదే ఇంటికి తేవాలి. గంగాచలం మస్తాను గుమ్మం ముందు నిలబడ్డాడంట. మస్తాను రెండో పంకా తెచ్చి బిగించేడు. పన్నెండుమంది మనుషులు, మధ్యలో శవం, ఎదురేరు. లాగిందర్రా. ఎక్కడా ఆగకుండా లాగింది. అది లాగుతున్నంతసేపూ వాడు తల బాదుకుని ఏడుస్తానే ఉన్నాడంట.

మా రేవులోళ్ళు ఇప్పటికీ గంగమ్మకి కోపమొచ్చిందంటారు. ఆవిడకేం పనర్రా మన మీద కోపం తెచ్చుకోడానికి? పంకా సంగతి గంగమ్మకేం తెలుసు? తెలిసినోడు మస్తాను. వాడు చెప్పనే చెప్పేడు.