ఎల్లుండి మానేసిన దర్జీ

ఆ వీధిలో తొందర ఉన్నవాళ్ళు రెడీమేడు కొనుక్కుంటారు, ఓపిక ఉన్నవాళ్ళు దర్జీ దగ్గరికి వెళ్తారు. అతని చెయ్యి మంచిదే. కాకపోతే బట్టలెప్పుడిస్తావని ఎవరడిగినా ఒకటే జవాబు, "ఎల్లుండి వచ్చి తీసుకెళ్ళండి." అందుకే వీధంతా అతన్ని ఎల్లుండి దర్జీ అంటుంది. ఆ మాట ఎదురుగా అన్నా అతనికి కోపం రాదు, అదో బిరుదనుకుంటాడు.

డిసెంబరు ముప్ఫై ఒకటి మధ్యాహ్నం అతని మరదలు, భార్యకి స్వయానా చెల్లెలు, డ్యూటీ దిగి తిన్నగా అతని కొట్టుకే వచ్చింది. ఆమె ఆసుపత్రిలో నర్సు. ఇరవై రెండేళ్ళ సర్వీసు తర్వాత మర్నాడు పొద్దున ఏడింటికి హెడ్ నర్సుగా చేరబోతోంది. ఇన్నేళ్ళూ స్టోరువాళ్ళు పడేసిన తెల్లకోటే తొడుక్కుంది. దాని భుజాలు ఎవరివో, చేతులు ఎవరివో. మణికట్టు దగ్గర నాలుగు మడతలు పెడితే గానీ ఇంజక్షను చెయ్యడానికి చెయ్యి బయటికి రాదు. హెడ్ నర్సుగా వార్డులో అడుగుపెట్టే రోజున మాత్రం తన ఒంటికి కుట్టిన కోటు వేసుకోవాలని ఆమె పట్టుదల. కొత్త సంవత్సరానికి ఆమె పెట్టుకున్న లక్ష్యం అదొక్కటే. వానలు మొదలుకాకముందే బట్ట కొని బావ చేతిలో పెట్టింది.

కొట్లో మిషను ఉంది, మనిషి లేడు. మనిషి ఎదురుగా టీకొట్టులో ఉన్నాడు, గొంతు వీధి దాటి వినిపిస్తోంది. ఇవాళ నాలుగు దులిపెయ్యాల్సిందే అనుకుంటూ ఆమె విసవిసా వెళ్ళింది. టీకొట్టు పిన్ని నోటిమీద వేలుంచుకుని, "కూర్చోవమ్మా, కథ ఇప్పుడే ఎత్తుకున్నాడు," అని గుసగుసగా చెప్పి గ్లాసు అందించింది. బావ కోతలు వింటే నవ్వాపుకోలేకపోవడం ఆమె బలహీనత. దర్జీ వీపు వెనక బల్లమీద సర్దుకుని కూర్చుంది.

అక్కడ కూర్చున్నవాళ్ళంతా కొత్త సంవత్సరం లక్ష్యాలు చెప్పుకుంటున్నారు. రేపట్నుంచి రోజూ పది కిలోమీటర్లు పరిగెడతానని లెక్కల మాస్టారు ప్రకటించాడట. గడియారాలు బాగుచేసే తాత మూడు భాషలు నేర్చుకుంటానన్నాడట.

"అక్కడే వచ్చింది మీతో చిక్కు," అంటున్నాడు దర్జీ. "ఎగిరితే అందేది పెట్టుకోవాలి గానీ, నిచ్చెనేసినా అందనిది పెట్టుకుంటే ఎలా మాస్టారూ? నన్ను చూడండి. పోయినేడు నేను పెట్టుకున్నదెంత? చిటికెన వేలంత. ఎల్లుండి అనే మాట మానెయ్యాలి, అంతే."

"మానేశావా?" అన్నాడు తాత, టీలో బిస్కెట్టు ముంచుతూ.

"అదే చెప్తున్నా, ఆగు తాతా. జనవరి రెండున బ్యాంకాయన ప్యాంటు గుడ్డ పట్టుకొచ్చాడు. ఎల్లుండి అనబోయి, నాలిక కరుచుకుని, రేపన్నా. రేపటికి ఇచ్చేశా. ఆయన దాన్ని నాలుగుసార్లు తిప్పి చూసుకుని, ఇది నాదేనా అన్నాడు పాపం. ఓస్ ఇంతేనా అనిపించి, మర్నాటి నించి ఇవాళకి దిగా. పొద్దున గుడ్డ, సాయంత్రం చొక్కా. నెల తిరిగేసరికి ఇటు కొలత తీస్తుంటే అటు గుండీలు పడిపోతున్నాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"మిషను కాలిపోయిందా?" అంది పిన్ని.

"కాలలేదు గానీ పొగొచ్చింది పిన్నీ. ఆ పొగ చూసి ఫైరింజనువాళ్ళు గంట కొట్టుకుంటూ వచ్చేశారు. వచ్చినవాళ్ళని ఉత్తచేతుల్తో పంపడం మర్యాద కాదు కదా, నలుగురికీ నాలుగు యూనిఫాములు కుట్టిచ్చా. గంట మోగడం ఆగేలోపే అయిపోయాయి."

మరదలికి పొలమారింది. నవ్వుతో పాటే చిన్న ఆశ కూడా పుట్టింది. నలుగురిలో ఇంత ధీమాగా చెప్తున్నాడంటే, ఎంత కోతలరాయుడైనా తన కోటు మాత్రం కుట్టేసే ఉంటాడు.

"మార్చికల్లా ఇవాళ కూడా ఆలస్యమనిపించింది. నిన్నకి వెళ్ళిపోయా."

"నిన్నకెలా వెళ్తావోయ్?" అన్నాడు లెక్కల మాస్టారు.

"మైనస్ ఒకటి అని పిల్లలకి మీరు చెప్పరూ? అదే ఇది. ఒకాయన గుడ్డ తెచ్చి ఎప్పుడిస్తావని అడిగాడు. నిన్ననే ఇచ్చేశా కదండీ, ఓసారి కిందికి చూసుకోండి అన్నా. చూసుకున్నాడు. ఒంటిమీద కొత్త చొక్కా!"

"మరి చేతిలో గుడ్డ?"

"అదింకెందుకూ, కిటికీకి తెర కట్టుకున్నాడు. మీరు మధ్యలో అడ్డం రాకండి మాస్టారూ, కథకి దారం తెగిపోతుంది. ఏప్రిల్లో మొన్న. మే నెలలో అటుమొన్న. జనం కొట్టుకి రావడమే మానేశారు. రావడం దేనికి, వాళ్ళకి కుట్టించుకోవాలని బుద్ధి పుట్టకముందే గుమ్మంలో పొట్లం ఉంటుంటే? ఒకబ్బాయికి పెళ్ళి సూటు కుట్టి పంపించా. వాడికి సంబంధమే చూడలేదు. బీరువాలో అంత సూటు వేలాడుతుంటే వాళ్ళమ్మకి నిద్ర పడుతుందా? సూటుకి నప్పే పిల్లకోసం మూడూళ్ళు తిరిగి, నెలలో పెళ్ళి చేసేసింది. అబ్బాయికి పిల్ల నచ్చింది, పిల్లకి సూటు నచ్చింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"పుట్టబోయే పిల్లాడికి చొక్కా కుట్టావు," అంది పిన్ని.

"ఆ చొక్కా పెళ్ళికి ముందే అయిపోయింది పిన్నీ! మొన్న కుట్టింది వాడు ఉద్యోగంలో చేరే రోజుకి కోటు. నడుము ముప్ఫై నాలుగు. వాడింకా కడుపున పడలేదు, అయినా నా కొలత తప్పదు, రాసిపెట్టుకోండి. ఒక్కడికేమిటి, ఊరందరికీ వచ్చే పదేళ్ళ బట్టలూ కుట్టి, ఇస్త్రీ చేసి, మడతపెట్టేశా. ఇంక పనేముంది? ఇదిగో, ఇలా ఈగలు తోలుకుంటూ కూర్చున్నా."

"నా కొట్లో ఈగల్లేవు," అంది పిన్ని గట్టిగా.

"అమ్మయ్య!" అంది మరదలు వెనకనించి. "అయితే నా కోటు కూడా ఎప్పుడో అయిపోయుంటుంది. ఇచ్చెయ్యి బావా, పొద్దున ఏడింటికి వేసుకోవాలి."

దర్జీ తుళ్ళిపడి లేచి నిలబడ్డాడు. "నువ్వా మరదలు పిల్లా! ఎప్పుడొచ్చావు?"

అతను లేచిన బల్లమీద, నడుం నొప్పికి మెత్తగా ఉంటుందని వేసుక్కూర్చున్న పొట్లం కనిపించింది. లోపల తెల్లగుడ్డ. కొన్న కొట్లో కట్టిన దారం ముడి కూడా విప్పలేదు. ఆమెకి నవ్వు ఎగిరిపోయింది. రేపు కూడా నాలుగు మడతలేనా అనిపించింది.

"ఇదెప్పుడిస్తావు బావా?"

పుట్టుకతో వచ్చిన బుద్ధి ఎక్కడికి పోతుంది? "ఎల్లుండి," అన్నాడు దర్జీ.

టీకొట్టు కప్పు ఎగిరిపోయేలా నవ్వారు. తాత బిస్కెట్టు టీలో మునిగిపోయినా చూసుకోలేదు. చివరికి మరదలికి కూడా నవ్వాగలేదు.

"విన్నారా మాస్టారూ? మా బావ కొలత లేకపోయినా కుడతాడు, మనిషి పుట్టకపోయినా కుడతాడు. గుడ్డ చేతిలో పెడితేనే కుట్టలేడు!"

దర్జీ కూడా తల గోక్కుంటూ నవ్వేశాడు. పిన్ని అతని చేతిలో గ్లాసు లాక్కుంది. "టీ నేనే పంపిస్తా, కోటు అయ్యేదాకా నువ్వు ఇటు రాకు," అంది. మాస్టారు పొట్లం ఎత్తుకున్నాడు, తాత దర్జీ చెయ్యి పట్టుకున్నాడు, ఇద్దరూ కలిసి అతన్ని వీధి దాటించారు.

కొట్లో దర్జీ మెళ్ళో టేపు వేసుకుని, "చెయ్యి చాపు," అన్నాడు. ఆమె చాపింది. భుజం నించి మణికట్టుదాకా కొలిచి, "ఇరవై ఒకటిన్నర," అని రాసుకున్నాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆమె చెయ్యి ఎంత పొడవో ఎవరూ అడగలేదు. సంతోషంతో ఆమె కళ్ళు తడిశాయి.

బల్లమీద గుడ్డ పరిచి సుద్దతో గీతలు గీసి, దర్జీ కత్తెర అందుకున్నాడు. అందుకున్నా నోరు మాత్రం ఊరుకోలేదు.

"చూస్తుండు మరదలా, రేపు నువ్వీ కోటేసుకుని వార్డులో అడుగుపెట్టావో లేదో, మంచాలమీదున్న రోగులంతా లేచి, దుప్పట్లు మడతపెట్టి..."

"బావా," అందామె, "కోతలు కోసింది చాలు. ఇక గుడ్డ కొయ్యి."