మాటు చాటున నా గొంతు

"పెద్దబాపూ, మా ఆఫీసోళ్ళు వచ్చే శుక్రవారం ఎవరిదో మజ్రా తోటకు వేటకు పోతున్నరు, నన్నుగూడ రమ్మన్నరు. గుడారం అసొంటిది ఒకటి కొన్నరట, అండ్ల కూసుంటే పిట్టలకు మనిషి కనవడడట. నువ్వు ఇన్నేండ్ల సంది మజ్రాల తోటపని, కోళ్ళపని చేస్తున్నవు గద, ఎప్పుడన్న చూసినవా?"

చూసిన బిడ్డా. మంచిగ చూసిన. ఆ ఏసీ జర తగ్గియ్, చెవుల గాలి కొడ్తున్నది. ఆఁ. గుడారమే అది. సంచిల మడిచి తెస్తరు, ఇసిరేస్తే గొడుగు లెక్క దానంతట అదే ఇచ్చుకుంటది. నాలుగు దిక్కుల చిన్న చిన్న కిటికీలు, లోపల రెండు కుర్చీలు. గుడ్డ మీద ఏముంటదో ఎర్కేనా? చెట్లు! ఆకులు, కొమ్మలు, అన్ని బొమ్మలేసి ఉంటయి. ఈ ఖతర్ల, ఇసుకల, పచ్చటి అడివి బొమ్మలేసిన గుడారం. దూరం నుంచి జూస్తే ఎవలో పెండ్లి పందిరి పీకుడు మర్చిపోయి పోయినట్టుంటది. నవ్వకు, నేను గూడ నవ్విన అప్పుడు.

మా బాపు, అంటే మీ తాత, ఆయన మాటు వేరే. నువ్వు జూడలే ఆయనను, నువ్వు పుట్టకముందే పోయిండు. కౌజు పిట్టలు పట్టెటోడు. మీ నాయిన అప్పుడు చిన్నోడు, ఆయనకు యాదికుండది. మోదుగు కొమ్మలు నరికి గుట్ట కింద చిన్న మాటు కట్టేది, అండ్ల బోర్ల పండేది. ముంగట పంజరంల దీమం పిట్ట. దీమమంటే, అది గూడ కౌజే, కాకపోతే సాదుకున్నది. అది కూస్తది, దాని కూత ఇని అడివి కౌజులు కొట్లాటకొస్తయి, వలల పడ్తయి. జత ఎనిమిదణాలకు అమ్మేది జగిత్యాల అంగట్ల. లేదు లేదు, ఎనిమిదణాలు మా తాత కాలంల. మా బాపు రెండు రూపాయలకు అమ్మిండు. ఏదో ఒకటి తియ్.

వేట అంటే మోసమే బిడ్డా, మా బాపు పుణ్యాత్ముడని నేనంటలేను. కని ఆయనకు ఒక కట్టుబాటు ఉండె. ఇంటికాడ దీమానికి గింజలేసేటప్పుడు పిలిచే పిలుపు ఒకటి, మాటుల నోటితోటి చేసే కూత ఇంకొకటి. కూత ఎంతన్న కూయి. గింజల పిలుపు మాత్రం మాటుల నోట్లెకు రావద్దు. నేను చిన్నప్పుడు ఒకపారి తెల్వక పిలిచిన. చెంప పలిగింది. "అన్నం పెట్టే పిలుపురా అది" అన్నడు. ఆయన మాట్లాడుడే తక్కువ, మీ నాయిన లెక్కనే.

ఇగ మా మజ్రా సంగతి. మా కఫీల్, అంటే మజ్రా ఓనరు, పెద్ద బాబా అంటం మేము, మంచోడు. టర్కీ కోళ్ళు తెప్పిచ్చింది ఆయననే. ఈ అరబ్బులు దీక్ రూమీ అంటరు, మేం రూమీలు అంటం. మన నాటుకోడికి మూడు నాలుగింతలుంటది. నెత్తి బోడిగ ఉంటది, మెడకు ఎర్రటి తోలు యాలాడుతది. పుంజుకు కోపమొస్తే తోక ఇసనకర్ర లెక్క ఇప్పుతది. మొకం సూడబుద్ధి కాదు, కని సాదిన చేతిని మరువది. పిల్లలప్పటి సంది నేనే సాదిన వాటిని. పొద్దుగాల గంప వట్టుకొని "రా రా రా, రారోయి రా" అంటే చాలు, మజ్రా ఆ కొస నుంచి ఉరికొచ్చేటియి. నా కాళ్ళల్ల పడి నన్నే కింద పడగొట్టేటియి. మీ పెద్దమ్మ ఫోన్ల ఇని, "నన్నెన్నడన్న గట్ల పిలిచినవా" అని తిట్టేది.

పెద్ద బాబా మంచాన పడ్డంక పెత్తనం కొడుకు చేతికొచ్చింది. చిన్న బాబా. ఫోన్ల ఏదో వీడియో చూసిండట. యాడనో దేశంల ఈ కోళ్ళు అడివిల తిరుగుతయట, మనుషులు గుడారంల కూసోని కొడ్తరట. మన దగ్గర రూమీలు ఉండంగ మనమెందుకు కొట్టద్దు అన్నడు. అడివి కోడికి, సాదుకున్న కోడికి తేడా లేదా అని నేనెవల్ని అడగాలె? గుడారం వచ్చింది. గడ్డి మడి అవతల, కంచె కాడ ఏసిండ్రు. దోస్తులొచ్చిండ్రు. తెల్లారంగ దొడ్డి తలుపు తీపిచ్చి, తుపాకులు వట్టుకొని లోపల కూసున్నరు.

యాడొస్తయి? అవి నా ఎనుకనే తిరుగుతున్నయి. నేను నీళ్ళకు పోతే నీళ్ళకు, మేకల కాడికి పోతే మేకల కాడికి. ఎండెక్కింది, గుడారంల ఉడికిపోయి బయటికొచ్చిండ్రు. దోస్తులు చిన్న బాబాను జూసి ఒకటే నవ్వుడు. ఆయన నన్ను పిలిచి, "నువ్వు లోపల కూసోని పిలువు, వస్తయి" అన్నడు. "మాఫీ బాబా, నా నోటికి రాదు" అన్న. తిడ్తడనుకున్న. పని తీసేస్తడు అనుకున్న. నవ్వి, "మాఫీ ముష్కిల్", ఏం పర్వాలే, అని నా భుజం తట్టిండు.

తిట్టినా అయిపోయేది. భుజం తట్టిండు జూడు, ఆడ మోసపోయిన.

తర్వాత నాలుగైదు దినాలకు, గింజలేసే యాళ్ళకు ఒక్కడే వచ్చిండు. తెల్లటి తోబ్ ఏసుకొని నా పక్కన మట్టిల కూసున్నడు, నువ్వు నమ్ముతవా? తన చేతితోటే తినిపిచ్చిండు. "నీ పిలుపు మస్తుంటది, ఇంకోపారి పిలువు, గట్టిగ" అన్నడు. రెండో చేతిల ఫోనున్నది. ఎవలకో వీడియో తీసి పంపుతడేమో అనుకున్న. నేను గొంతు సవరిచ్చుకొని మరీ పిలిచిన. ఆ దినం మీ పెద్దమ్మకు ఫోన్ జేసి చెప్పిన, పిలగాని మనసు మారింది, కోళ్ళ మీద పాయిరమొచ్చింది అని. ఆమె గూడ సంబురపడ్డది.

మల్ల శుక్రవారం ముదీర్ నన్ను పొద్దుగాలనే నీళ్ళ ట్యాంకు కడుగమన్నడు. ముదీర్ అంటే మా మేనేజరు తియ్, మీ ఆఫీసుల గూడ ఉంటడు గద. ట్యాంకు మజ్రాకు ఈ కొస. మీదికెక్కి కడుగుతున్న. అప్పుడు ఇనవడ్డది. "రా రా రా, రారోయి రా." నా గొంతే. నేను చీపురు వట్టుకొని ఈడ ఉన్న, నా గొంతు ఆడ గుడారంల నుంచి వస్తున్నది, మైకుల వెట్టినట్టు. ముందు నాకు సమజే కాలే. ఎవలబ్బా పిలుస్తున్నరు అని నేను గూడ అటే జూస్తున్న. అంతల దొడ్డి తలుపు తీసినట్టున్నరు, రూమీలన్ని రెక్కలిచ్చుకొని ఉరుకుతున్నయి. ట్యాంకు పక్క నుంచే ఉరికినయి బిడ్డా. నేను మీద నిలవడి ఉన్న, ఒక్కటన్న తలెత్తి జూడలే.

నిచ్చెన దిగుకుంటనే అరిసిన. రాళ్ళు తీసి ఇసిరిన. ఆగలే. ఇగ ఏం జేయాల్నో తోచక నేను గూడ పిలిచిన. అదే పిలుపు, పానం పెట్టి పిలిచిన. అప్పుడాగినయి. గడ్డి మడి దాటి, బోడి జాగల, నడిమిట్ల నిలవడ్డయి. ఆ దిక్కు నా గొంతు, ఈ దిక్కు నా గొంతు. మెడలెత్తి ఇటు జూస్తయి, అటు జూస్తయి. యాటికి పోవాల్నో వాటికి తెల్వలే.

అప్పుడు కొట్టిండ్రు.

నీళ్ళియ్యి జర... ఏం గాలే, ఇయ్యి.

మధ్యాహ్నం చిన్న బాబా తానే పళ్ళెం వట్టుకొని నా రూముకొచ్చిండు. అన్నం మీద ఇంత పెద్ద ముక్క. "నీ పిలుపు లేకుంటే అయ్యేది గాదు" అని మెచ్చుకున్నడు. ఎక్కిరిచ్చుడు గాదు, నిజంగనే మెచ్చుకున్నడు. అదే నా కడుపు మండుడు. తప్పు చేసిన అన్న సోయి లేదు ఆయనకు. నేను కోడి తినేటోణ్ణే, ఎన్నో కోసిన పండుగలకు. పట్టుకొని కోసిన, గింజల పిలుపు పిలిచి కొయ్యలే. ఆ పళ్ళెం తీసుకపోయి గేటు కాడి పిల్లులకేసిన.

ఇంక కొన్ని మిగిలినయి. వాటికి నేనేం జెప్పాలె? ఇప్పుడు నేను పిలిస్తే కంచెకు తలకాయలు గుద్దుకుంట అవతలి మూలకు ఉరుకుతయి. అందుకే పిలుస్తలేను. తట్టల గింజలు పోసి, సప్పుడు చెయ్యకుంట పోయి గోడ చాటుకు నిలవడ్త. నేను పోయిందాక ముట్టయి. చలికాలంల నా అంగి లోపల పండిన పిల్లలు బిడ్డా అవి! మీ పెద్దమ్మ ఫోన్ల అడుగుతది, కోళ్ళ సప్పుడు ఇనవడ్తలేదేంది, నువ్వేంది గంత మెల్లగ మాట్లాడుతున్నవు అని. పానం మంచిగ లేదని చెప్పిన.

"తీసెయ్యి బాబా, ఫోన్లకెళ్ళి నా గొంతు తీసెయ్యి" అని ఒకపారి బతిమిలాడిన. "ఎందుకు? మంచిగున్నది గద" అన్నడు. వచ్చే నెల నేను వీసా ఎగ్జిట్ కొట్టిచ్చుకొని మొత్తానికే జగిత్యాల పోతున్న, నీకు తెల్సిందే. ఆ గొంతు మాత్రం పోదు. మల్ల రూమీ పిల్లలు తెప్పిచ్చిండు, కొత్త పనోణ్ణి పెట్టిండు. పొద్దుగాల ఆ కొత్తాయన గింజలేసేటప్పుడు స్పీకర్ డబ్బాల నా పిలుపే పెడ్తున్నరు, పిల్లలకు ఇప్పటి సందే అలవాటు కావాలె అని. నేను ట్యాంకు కాడ నిలవడి ఇంట. ఆ పిల్లలు నన్నెన్నడు జూడలే. నా గొంతుకే ఉరుకుతయి.

నువ్వు శుక్రవారం పోతవో పోవో నీ ఇష్టం. ఈ అల్ ముంతజా బస్తీల ఆ ఆఫీసోళ్ళతోటే నీ బతుకు, వాండ్లతోటి చెడగొట్టుకో అని నేనెందుకంట? గుడారంల కూసో, చాయ్ తాగు, ఎవలన్న కొడితే జూడు. కని ఒక్క మాట. "నువ్వు పిలువు" అని నీకెవలన్న చెప్తే, లేచి బయటికి రా.

సల్లగుండు కొడుకా. పెండ్లాం పిల్లలతోటి నూరేండ్లు సల్లగుండు. నీ గొంతు ఇని ఎవలన్న ఉరికొస్తే, వాండ్లకు ఆడ నువ్వే ఉండాలె బిడ్డా, ఇంకెవలు ఉండద్దు.