నీటికోడి బావని కుట్టిన నత్త

మీ తాతా? ఫొటోలోలా మూతి ముడుచుకుని ఉండేవాడు కాదమ్మా, అది ఫొటోవాడు భయపెట్టి తీసింది. మా అక్క మొగుడని చెప్పడం కాదు గానీ, అంత నవ్వించే మనిషిని మళ్ళీ చూళ్ళేదు. అందరూ నీటికోడి అనేవాళ్ళు. మునిగాడంటే ఎక్కడ తేల్తాడో తెలీదు. బొత్తాల కార్ఖానాకి గవ్వలు ఏరేవాళ్ళం, అతను నీళ్ళలో, నేను పడవలో. ఆ కార్ఖానా వాసన ఉందే, ఒంటికి పడితే వారం... సరే, అదెందుకులే. ఆ పొద్దున పైకొచ్చి ఓ గవ్వ చూపించాడు. తెల్లటి ఒంటిమీద వల పరిచినట్టు గోధుమరంగు గీతలు, ఓ కొస సన్నగా. మావైపు ఎప్పుడూ చూడని రకం. "బావమరదీ, ఇది మీ అక్కకి. నిన్నట్నించి అలిగి కూర్చుంది" అన్నాడు. మీ అమ్మ అప్పటికి కడుపులో ఉంది. పడవ ఎక్కుతూ "అబ్బ, చీమ కుట్టినట్టుందిరా" అని చెయ్యి విదిలించాడు. లోపలి నత్త ఆ కొసలోంచి విషపు ముల్లు విసురుతుందని మాకేం తెలుసు! కాసేపటికి పెదాలు మొద్దుబారాయన్నాడు. "ఇద్దరుగా కనిపిస్తున్నావురా, ఒకణ్ణే భరించలేక చస్తుంటే" అని నవ్వబోయాడు. నవ్వు సగంలోనే ఆగిపోయింది. మాట ముద్దయింది, కాళ్ళు చచ్చుబడ్డాయి. ఒడ్డుకి చేర్చేసరికి ఊపిరి లేదు.

నోట్లో నోరు పెట్టి ఊదాను. నీళ్ళు మింగినవాళ్ళకి చేస్తాం కదా, అలాగే. ఊదితే ఛాతీ లేచేది, ఆపితే పడిపోయేది. ఎండ నెత్తికెక్కింది. పడవల మేస్త్రీ నా భుజం పట్టుకుని, "ఒరే, పోయాడురా, శవాన్ని హింసపెట్టకు" అన్నాడు. కబురంది పరిగెత్తుకొచ్చిన అక్క మాత్రం బావ చెయ్యి వదల్లేదు. "వెచ్చగానే ఉందిరా తమ్ముడూ, ఊదరా, ఊదు!" నేను మేస్త్రీ మాట విన్నాను.

పదేళ్ళ తర్వాత, కాలికి కట్టు కట్టించుకుంటూ మాటల్లో డాక్టరమ్మకి చెప్పాను. ఆవిడ చెయ్యి ఆగిపోయింది. "దానికి విరుగుడు లేదండీ. విషం దిగేదాకా ఎవరైనా ఊపిరి పోస్తూనే ఉంటే బతికే వీలుంది. ఒళ్ళు కదలదు గానీ, కొందరికి మాటలన్నీ వినపడుతుంటాయి" అంది. వినపడుతుంటాయట. అంటే మేస్త్రీ అన్నదీ విన్నాడేమో. అక్క ఏడుపూ. తర్వాత నేను ఊదకపోవడం కూడా...

అక్కకా? ఎలా చెప్పను? పోయేదాకా తనే నన్ను ఓదార్చేది. "నీ చేతనైనంతా చేశావురా" అంటూ అన్నం వడ్డించేది. తలొంచుకుని తినేవాణ్ణి.

సరేలే... అదిగో, చినుకులు పడుతున్నట్టున్నాయి. మేడమీద బట్టలు తీశావా?