అడివయ్య తవ్విన కుంట

కుంట ఎండబెట్టాలి. చేపపిల్లలను మింగే కొర్రమట్టలను ఒక్కటీ మిగలకుండా పట్టెయ్యాలి. సున్నం చల్లాలి, పేడ వెయ్యాలి, నీళ్లు నింపాలి. ఎనభై రెండులో, కోహీర్ పక్కన తానే తవ్విన కుంటలో, అడివయ్య ఇవన్నీ చేశాడు. చేపపిల్లలు వచ్చే ముందు ఊరి పటేల్ గెంటేసి కుంట తీసుకుంటే ఆ దిగులుతోనే చనిపోయాడు. సంతనాడు పటేల్ మనుషులు జహీరాబాద్ పోయారు. అడివయ్య భార్య బాలమణి కుండతో కుంట గట్టు ఎక్కింది. వెనకే మరిది ఉరికొచ్చాడు.

"వదినా, కుండల ఏముంది?"

"కొర్రమట్టలు."

"అయ్యో! నిన్ననే పటేల్ చేపపిల్లల్ని ఇడిచిండు. అన్నీ మింగుతయి!"

"మింగనీకే తెచ్చిన. ముద్దుజేయనీకి తెచ్చిననా?"

"దొరికితే బొక్కలిరుస్తడు."

"గీ గట్టు పోసి మీ అన్న బొక్కలు ఎన్నడో ఇరిగినయి. కుంట తవ్వించినోడని గా రాయి మీద ఎవ్వరి పేరుంది?"

"పటేల్‌దే."

"అప్పిచ్చిన బ్యాంకోళ్లకు గూడ అంతా నేనే చేసిన్నని చెప్పిండట."

"ఆర్నెల్లకు వల గుంజినంక ఏమంటడో?"

"'అడివయ్య ఒక్క కొర్రమట్టను మిగలనియ్యలే గదరా, గివి ఏడికెల్లి వచ్చినయి?' అంటడు. అందరి ముంగట, మీ అన్న పేరు వాని నోట్లకెల్లే రావాలె."

మరిది కుండ అడుగున చెయ్యి వేసి, ఆమెతోపాటు వంచాడు.

చదివినవారు పటేల్ నోట వినేదాకా ఆగకండి. ఆ కుంట తవ్వింది అడివయ్య. గుర్తుంచుకోండి.